బటన్ పలకదు, అక్షరం తెగిపోద్ది, ఒక నొక్కుకి రెండు బిల్లులు: స్క్రీన్ మీద కంట్రోల్స్ సరిచేసుకునే పద్ధతి

సేవ్ బటన్ కనపడట్లేదండీ అని ఒకరు, డ్రాప్‌డౌన్‌లో నేను పెట్టిన రకం దానంతటదే మారిపోతోందని ఇంకొకరు, తెలుగు అక్షరాల కింద ఒత్తులు కత్తిరించేసినట్టు వస్తున్నాయని మరొకరు, ఇవే ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి, ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పి చెప్పి నా గొంతు పోయింది కాబట్టి మొత్తం ఒకచోట రాసేస్తున్నా. నేను భీమవరం, పాలకొల్లు, ఏరు దాటితే రాజోలు, అంబాజీపేట వైపు మేత షాపులకీ రైసు మిల్లులకీ కొబ్బరి కొట్లకీ బిల్లింగ్ ప్రోగ్రాములు రాసి, అవి మొరాయిస్తే వెళ్ళి చూసే పని చేస్తా. అందుకే ఉదాహరణలన్నీ కొట్టు కౌంటర్ మీదవే ఉంటాయి. ఎక్కువ భాగం విండోస్ గురించి, ఫోన్ గురించి చివర్లో కొంచెం.

కంట్రోల్స్ అంటే మీకు తెలిసినవే. బటన్, టెక్స్ట్ బాక్స్, చెక్ బాక్స్, రేడియో బటన్, డ్రాప్‌డౌన్, గ్రిడ్, స్క్రోల్‌బార్, ఇలా చేత్తో నొక్కేవి, టైపు చేసేవి అన్నీ.

ఒక సంగతి మాత్రం ముందే చెప్పేస్తా, కింద రాసినదంతా దీని మీదే నడుస్తుంది. శివారు చేనుకి నీళ్ళు రాలేదంటే చేలో గొయ్యి తవ్వి లాభం లేదు కదా, పైకెళ్ళి బోదె చూడాలి, తూము చూడాలి, లాకుల దగ్గర వదిలారో లేదో కనుక్కోవాలి. బటన్ కూడా అంతే. పలకని బటన్‌లో లోపం ఉండటం చాలా అరుదు. దాని చుట్టూ ఉన్న విండో, దాని పైన కప్పేసిన ఇంకో కంట్రోల్, స్క్రీన్ స్కేల్, మౌస్, కీబోర్డ్, వీటిల్లోనే ఎక్కడో ఉంటుంది.

1. ముట్టుకోకముందు చేయాల్సినవి

అందరూ వదిలేసే మెట్టు ఇదే. కంగారులో నాలుగు సెట్టింగులు ఒకేసారి మార్చేస్తారు, అది బాగయినా దేనివల్ల బాగయిందో తెలీదు, బాగవకపోతే ఇంతకుముందు ఎలా ఉండేదో తెలీదు.

- స్క్రీన్ ఫొటో తీయండి. విండోస్ కీ, షిఫ్ట్, ఎస్ మూడూ కలిపి నొక్కి, కావాల్సినంత మేర మౌస్‌తో లాగితే స్క్రీన్ కాపీ అవుతుంది, లేదంటే ఫోన్‌తో తీసినా చాలు.
- డేటా బ్యాకప్ తీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. బటన్ కోసం వెళ్ళి బిల్లులు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు.
- విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో విన్‌వర్ (winver) అని ఇంగ్లీషులో కొడితే ఏ విండోసో, ఏ వెర్షనో చూపిస్తుంది. రాసుకోండి.
- సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే లోకి వెళ్ళి స్కేల్ (అన్నిటినీ ఎంత పెద్దగా చూపించాలన్నది) ఎంత శాతం, రిజల్యూషన్ (స్క్రీన్‌లో అడ్డంగా, నిలువుగా ఎన్ని చుక్కలన్నది) ఎంత అన్నవి రెండూ రాసుకోండి.
- నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది? కొత్త మానిటరా, అప్‌డేటా, కరెంటు పోయి వచ్చిందా, పిల్లలెవరైనా కూర్చున్నారా?

చివరి ప్రశ్నకి అందరూ "ఏం మార్చలేదండీ" అనే అంటారు. ఇంకోసారి అడగండి. "ఆయ్, మా అబ్బాయి నిన్న పెద్ద టీవీకి తగిలించి సినిమా చూశాడండి" అని రెండోసారికి బయటికొస్తుంది.

2. ఎక్కడ వెతకాలో తేల్చే నాలుగు పరీక్షలు

ఇవి చేయడానికి ఐదు నిమిషాలు పట్టదు, సగం పని అయిపోతుంది.

ఒకటి, ఇదే ఇబ్బంది వేరే ప్రోగ్రాముల్లో కూడా ఉందా? నోట్‌ప్యాడ్, కాలిక్యులేటర్ తెరిచి చూడండి. అక్కడా ఉంటే కంప్యూటర్‌ది, అక్కడ లేకపోతే ఆ ప్రోగ్రాముది.

రెండు, పక్క కంప్యూటర్లో అదే ప్రోగ్రాము ఎలా ఉంది? అక్కడ బాగుంటే రెండింటి స్కేలు, రిజల్యూషన్ పక్కపక్కన పెట్టి చూడండి.

మూడు, మౌస్ వదిలేసి కీబోర్డ్‌తో అదే పని చేయండి. ట్యాబ్ కొడుతూ ఆ బటన్ దాకా వెళ్ళి స్పేస్‌బార్ నొక్కండి. స్పేస్‌బార్‌కి పలికి మౌస్‌కి పలకలేదంటే బటన్ మంచిదే, మౌస్ అయినా పోయింది, లేదా బటన్ మీద కనపడకుండా ఇంకేదో కూర్చుంది.

నాలుగు, ప్రోగ్రాము మూసి తెరిస్తే ఎంతసేపు బాగుంటుంది? అసలే బాగుండకపోతే సెట్టింగు, గంట బాగుండి తర్వాత చెడితే ప్రోగ్రాము లోపల ఏదో పేరుకుపోతోంది.

ఈ నాలుగూ అయ్యాక రూపం సమస్యా, నడత సమస్యా అని విడదీయండి. బటన్ సగం తెగితే రూపం, బటన్ పూర్తిగా కనపడుతూ నొక్కితే పలకకపోతే నడత. అక్షరాలు ప్రశ్నార్థకాలుగా వస్తే రూపమే అనిపిస్తుంది గానీ కాదు, డేటానే పోయి ఉంటుంది, అది నాలుగో నంబర్లో చెప్తా.

3. బటన్లు తెగిపోవడం, విండో కిందకి దిగిపోవడం

దాదాపు ఎప్పుడూ స్కేలే. షాపుల్లో ఉండే మామూలు లాప్‌టాప్ రిజల్యూషన్ 1366 బై 768. స్కేల్ 125 శాతం పెడితే ప్రోగ్రాముకి నిజంగా దొరికే చోటు 1093 బై 614 మాత్రమే, 150 పెడితే 910 బై 512. అందులో కింద టాస్క్‌బార్ కూడా తీసెయ్యాలి. 650 ఎత్తున్న ఫారం (బిల్లు కొట్టే విండో లాంటిది) 125 శాతంలో 812 అవుతుంది, స్క్రీన్ 768 మాత్రమే, ఇంక సేవ్ బటన్ ఎక్కడ ఉంటుంది, స్క్రీన్ కింద ఉంటుంది.

బిల్లు మధ్యలో ఉండి ఇరుక్కుపోతే అప్పటికప్పుడు ఇలా చేయండి:

- చాలా ఫారాల్లో ఎంటర్ కొడితే సేవ్, ఎస్కేప్ కొడితే క్యాన్సిల్. కానీ ఎంటర్ కొట్టేముందు ఆ ప్రోగ్రాములో అది నిజంగా సేవేనని తెలిసుండాలి.
- విండో మొత్తం స్క్రీన్ బయటికి పోతే, అంటే రెండో మానిటర్ పీకేశాక ఇలా అవుతుంది, ఆల్ట్, స్పేస్ నొక్కి, తర్వాత ఎం నొక్కి, ఏదో ఒక బాణం కీ ఒకసారి కొట్టి మౌస్ కదపండి, విండో మౌస్‌తో పాటే లోపలికి వచ్చేస్తుంది.

శాశ్వతంగా బాగుచేసే వరుస ఇదీ, మధ్యలో దాటెయ్యకండి:

- స్కేల్ 100 శాతం పెట్టి, సైన్ అవుట్ అయి మళ్ళీ లోపలికి రండి. సైన్ అవుట్ అవ్వకుండా చూసి "తేడా ఏం లేదండీ" అంటారు చాలామంది, పాత ప్రోగ్రాములు లాగిన్ అయినప్పటి స్కేలునే పట్టుకుని ఉంటాయి.
- 100లో బాగుండి, కానీ కళ్ళకి అక్షరాలు ఆనట్లేదంటే స్కేల్ మళ్ళీ పెంచి ఆ ఒక్క ప్రోగ్రాముకే సర్దుబాటు చేయండి. దాని ఐకాన్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ, చేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్. కింద ఓవర్‌రైడ్ అన్నదానికి టిక్ పెడితే మూడు దారులు వస్తాయి.
- అప్లికేషన్ అన్నది పెడితే విండోస్ చెయ్యి పెట్టదు, అక్షరాలు చక్కగా వస్తాయి గానీ చిన్నగా ఉండొచ్చు. సిస్టమ్ అన్నది పెడితే విండోస్ సాగదీస్తుంది, అన్నీ అమరుతాయి, కొంచెం మసగ్గా ఉంటాయి. సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్ కూడా సాగదీసేదే గానీ కొన్ని రకం ప్రోగ్రాముల్లో అక్షరాలు మసక లేకుండా వస్తాయి, అది విండోస్ 10లో 2017 అప్‌డేట్ నుంచి ఉంది.

నేను పెట్టేది ఎక్కువగా సిస్టమే. కౌంటర్ దగ్గర కూర్చునే పెద్దాయనకి మసక కన్నా తెగిపోయిన బటన్ ఎక్కువ ప్రమాదం.

ఇంకోటి, స్కేల్ వేరు, టెక్స్ట్ సైజు వేరు. యాక్సెసబిలిటీలో టెక్స్ట్ సైజు అని ఒక జారుడు పట్టీ ఉంటుంది, 100 నుంచి 225 శాతం దాకా. అది పెంచితే అక్షరాలు మాత్రమే పెరిగి పెట్టె అంతే ఉండిపోవచ్చు. స్కేల్ 100 అయినా లేబుళ్ళు తెగుతున్నాయంటే అక్కడ చూడండి.

4. తెలుగు అక్షరాల గోల

కడియం వైపు ఒక నర్సరీలో మొక్కల పేర్లన్నీ తెలుగులో ఎక్కించారు, రెండు వేలకి పైగా. అన్నీ ప్రశ్నార్థకాలైపోయాయి. ఫాంటు మార్చమన్నారు నన్ను. ఫాంటు మారిస్తే వేరే ఫాంటులో ప్రశ్నార్థకాలు కనపడతాయి అంతే. అందుకే ముందు ఏం కనపడుతోందో చూసి అర్థం చేసుకోవాలి.

చతురస్రాలు వస్తుంటే: డేటా క్షేమం, ఆ ఫాంటులో తెలుగు లేదు. ఫాంటు మారిస్తే వచ్చేస్తుంది. విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ అనే ఫాంటు సిస్టమ్‌తోనే వస్తోంది, దానికి మార్చండి. పాత ప్రోగ్రాములు గౌతమి ఫాంటుని అడుగుతుంటాయి, విండోస్ 10 నుంచి గౌతమి, వాణి ఫాంట్లు ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అన్న పేరుతో విడిగా ఎక్కించుకోవాలి. నెట్ ఉంటే రెండు నిమిషాల పని.

ప్రశ్నార్థకాలు వస్తుంటే: డేటా పోయింది. యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకీ ఉన్న ఉమ్మడి నంబర్ల పద్ధతి) పట్టని డేటాబేస్ కాలమ్‌లోకి తెలుగు పంపితే ఒక్కో అక్షరం స్థానంలో నిజంగానే ప్రశ్నార్థకం సేవ్ అవుతుంది, తిరిగి తెచ్చే దారి లేదు, బ్యాకప్ ఉంటేనే. ప్రోగ్రాము రాసేవాళ్ళు టేబుల్‌లో వార్‌చార్ బదులు ఎన్‌వార్‌చార్ పెట్టాలి, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో విలువ నేరుగా రాసేటప్పుడు కొటేషన్ ముందు క్యాపిటల్ ఎన్ అక్షరం మర్చిపోకూడదు. కాలమ్ రకం మార్చి ఎన్ మర్చిపోయినా మళ్ళీ ప్రశ్నార్థకాలే.

ఇంగ్లీషు గుర్తులు కలగాపులగంగా వస్తుంటే: అది ప్రెస్సుల్లో డీటీపీకి వాడే పాత యూనికోడ్ కాని ఫాంటుతో కొట్టిన మేటరు. ఆ ఫాంటు పెడితే కనపడుతుంది గానీ వెతకడం, వరుసలో పెట్టడం కుదరదు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి అప్పుడు ఎక్కించాలి.

అక్షరాలు సరిగ్గానే ఉండి పైనా కిందా తెగుతుంటే: ఎత్తు చాలట్లేదు. ఇంగ్లీషు అక్షరానికి కింద తోక ఉంటే ఎక్కువ, మనకి పైన గుడి, కింద ఒత్తు, ఒత్తు కింద ఇంకో ఒత్తు. ఇంగ్లీషు కొలతలతో గీసిన పెట్టెలో మన అక్షరం ఇమడదు. గ్రిడ్ వరస ఎత్తు పెంచండి, టెక్స్ట్ బాక్స్ ఎత్తు పెంచండి, పెంచడం కుదరకపోతే ఫాంటు ఒక సైజు తగ్గించండి.

పరీక్షకి నేను ఎప్పుడూ ఈ మాటలే కొడతా: స్త్రీ, రాష్ట్రం, లక్ష్మీ, ఉత్కృష్టం. ఈ నాలుగూ తెగకుండా, ఒత్తులు విడిపోకుండా వచ్చాయంటే మిగతావన్నీ వస్తాయి. అమ్మ, ఆవు అని కొట్టి చూసి బాగుందనేస్తారు కొందరు, దానివల్ల ఏం తేలదు. విండోస్ ఫారమ్స్‌లో (డాట్‌నెట్‌లో ఫారాలు గీసే పద్ధతి) ప్రోగ్రాములు రాసేవాళ్ళకి ఒత్తులు విడిపోతుంటే కంపాటిబుల్ టెక్స్ట్ రెండరింగ్ డిఫాల్ట్ అన్నది ఫాల్స్ అని ఉందో లేదో ప్రోగ్రాము మొదటి వరసల్లో చూసుకోవాలి.

5. రంగులు, పాత మొహం

ఇది త్వరగా అయిపోతుంది. స్క్రీన్ ఒక్కసారిగా నల్లగా అయి బటన్లన్నీ పసుపు, తెలుపు గీతలతో వస్తే ఎవరో పొరపాటున ఎడమ ఆల్ట్, ఎడమ షిఫ్ట్, ప్రింట్ స్క్రీన్ మూడూ నొక్కారు, అది హై కాంట్రాస్ట్, మళ్ళీ అవే మూడు నొక్కితే పోతుంది. విండో మీద నల్ల మచ్చలు, జరిపితే వెనక చారలు వస్తుంటే విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కండి, స్క్రీన్ ఒక క్షణం మిణుక్కుమని డిస్‌ప్లే డ్రైవర్ కొత్తగా మొదలవుద్ది.

బటన్లు విండోస్ 95 కాలం నాటి బూడిద దిమ్మల్లా ఉంటే అది ప్రోగ్రాము రాసినవాళ్ళ పని. ఎనేబుల్ విజువల్ స్టైల్స్ అన్న లైను ఏ కంట్రోలూ తయారవ్వకముందే ఉండాలి. తెలుపు మీద తెలుపు అక్షరాలు వస్తుంటే, అక్షరం రంగు చెప్పి వెనక రంగు చెప్పడం మర్చిపోయి ఉంటారు, చెప్తే రెండూ చెప్పాలి, లేదా రెండూ విండోస్‌కే వదిలెయ్యాలి.

6. బటన్ బూడిదగా ఉండిపోవడం, నొక్కినా పలకకపోవడం

బూడిదగా ఉందంటే ప్రోగ్రామే వద్దంటోంది. పార్టీ పేరు ఎంచుకోలేదేమో, తేదీ మూసేసిన ఆర్థిక సంవత్సరంలో ఉందేమో, ఆ లాగిన్‌కి హక్కు లేదేమో. వాడేవాళ్ళు ఈ మూడూ చూసుకుంటే చాలు.

రాసేవాళ్ళకి ఇంకో చిక్కుంది. బటన్ ఉన్న ప్యానెల్‌నో గ్రూప్ బాక్స్‌నో ఆపేస్తే లోపలివన్నీ ఆగిపోతాయి, అప్పుడు బటన్‌ని ఎన్నిసార్లు ఎనేబుల్ చేసినా బూడిదగానే ఉంటుంది. తండ్రి, తాత, ముత్తాత దాకా పైకెళ్ళి చూడండి. మొదట్లో చెప్పిన తూము ఇదే.

బూడిదగా లేదు, మామూలుగానే ఉంది, కానీ నొక్కితే టంగుమని శబ్దం వస్తోంది, ఏం జరగట్లేదు. వెనకాల ఏదో చిన్న పెట్టె ఓకే కోసం ఎదురు చూస్తోందన్నమాట. ఆల్ట్, ట్యాబ్ కొట్టి చూడండి, లేదా టాస్క్‌బార్‌లో వెతకండి. రాసేవాళ్ళు మెసేజ్ బాక్స్ పిలిచేటప్పుడు దాని యజమాని ఏ విండోనో కూడా ఇవ్వాలి, అప్పుడది వెనక్కి పోదు.

శబ్దం కూడా లేకపోతే పైన ఏదో కప్పేసి ఉంది. ఖాళీ లేబుల్ పొడుగ్గా సాగి బటన్ మీదకి వచ్చేయడం నేనే చాలాసార్లు చేశా. ప్రతి ప్యానెల్‌కీ, లేబుల్‌కీ తలో ముదురు రంగు వేసి ప్రోగ్రాము నడిపి చూడండి, ఎవరు ఎవరి మీద కూర్చున్నారో రంగుల్లో తెలిసిపోద్ది. సంక్రాంతి ముగ్గులా ఉంటుంది చూడటానికి, ఎవరూ చూడకముందు రంగులు తీసెయ్యండి.

7. ఒక నొక్కుకి రెండు బిల్లులు

దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే ఇది డబ్బుతో పని, పరువుతో పని.

భీమవరం దగ్గర రొయ్యల మేత అమ్మే షాపాయన పొద్దున్నే ఫోన్ చేశాడు. "బాబూ, ఒక్కసారి నొక్కితే రెండు బిల్లులొస్తన్నాయి, రైతు ఖాతాలో ఇరవై కట్టలకి నలభై కట్టలు పడ్డాయి, ఆయనొచ్చి నన్ను దొంగోణ్ణి చూసినట్టు చూస్తన్నాడు." నేను ప్రోగ్రాముదే తప్పనుకుని రాత్రంతా కోడ్ చూసి, ఏమీ దొరక్క, పొద్దున్న వెళ్ళా. అక్కడికెళ్ళి స్పేస్‌బార్‌తో నొక్కా, ఒక్క బిల్లే. మౌస్‌తో నొక్కా, రెండు. మౌస్ లోపలి చిన్న స్విచ్ అరిగిపోయి ఒక నొక్కుని రెండుగా పంపుతోంది. చెరువు గట్టు మీద ఉండే షాపు, ఉప్పు గాలి, తేమ, అక్కడ మౌసులు త్వరగానే పోతాయి. కొత్త మౌస్ కొన్నాం, బిల్లులు ఒకటికి ఒకటే.

కాబట్టి వరుస ఇదీ:

- స్పేస్‌బార్‌తో చూడండి. ఒకటే వస్తే మౌస్ మార్చండి. ఫోల్డర్ని ఒక్క క్లిక్ కొడితే తెరుచుకుంటున్నా అదే రోగం కావచ్చు.
- స్పేస్‌బార్‌కి కూడా రెండు వస్తుంటే ప్రోగ్రాములో లోపం. క్లిక్ అయినప్పుడు చేయాల్సిన పనిని రెండుసార్లు తగిలించి ఉంటారు, డిజైనర్‌లో ఒకసారి, ఫారం లోడ్ అయ్యేటప్పుడు చేత్తో ఇంకోసారి.
- మొదటిసారి ఒకటి, ఫారం మూసి తెరిచాక రెండు, మళ్ళీ తెరిస్తే మూడు, ఇలా పెరుగుతుంటే ఫారం తెరిచిన ప్రతిసారీ తగిలిస్తున్నారు, మూసేటప్పుడు విప్పట్లేదు.

మౌస్‌ది తప్పయినా సరే ప్రోగ్రాము రెండు బిల్లులు వేయకూడదు, ఇది నాకు ఆ రోజు బుర్రకెక్కింది. అందరూ చేసే పని, నొక్కగానే బటన్‌ని ఆపేసి పని అయ్యాక మళ్ళీ తెరవడం. నేనూ అదే చేసి ఉన్నా, పనిచేయలేదు. ఎందుకంటే సేవ్ పని కూడా స్క్రీన్ నడిపే థ్రెడ్ (ప్రోగ్రాము లోపల పనులు ఒకదాని వెనక ఒకటి నడిచే వరస) మీదే జరుగుతుంటే, రెండో క్లిక్ వరసలో నిలబడి ఉంటుంది, పని అయ్యి బటన్ తెరుచుకున్నాకే లోపలికి వస్తుంది, వచ్చేసరికి తలుపు తెరిచే ఉంది. సేవ్ పనిని అసింక్, అవెయిట్‌తో పక్కకి పంపితే బటన్ మూసి ఉన్నప్పుడే ఆ క్లిక్ వచ్చి ఖాళీగా పోతుంది. అది చాలదు, బిల్లు తెరిచినప్పుడే ఒక గుర్తింపు నంబరు పుట్టించి, డేటాబేస్‌లో ఆ నంబరు రెండోసారి పడకుండా యూనిక్ అని కట్టెయ్యండి. అప్పుడు మౌస్ ఏం చేసినా భయం లేదు.

8. డ్రాప్‌డౌన్ దానంతటదే మారిపోవడం

రైసు మిల్లులో ధాన్యం రకం దగ్గర ఎంటీయూ 7029 ఎంచుకున్నారు, అదే స్వర్ణ, మన మారుటేరు విత్తనం. సేవ్ అయిన బిల్లులో ఎంటీయూ 1010 ఉంది. దెయ్యం ఏం లేదు. ఎంచుకున్నాక డ్రాప్‌డౌన్ ఇంకా పట్టులోనే ఉంది, మౌస్ దాని మీదే ఉంది, పేజీ కిందకి దింపుదామని చక్రం తిప్పారు, పేజీ బదులు రకం మారింది. బాణం కీలకి కూడా ఇలాగే మారుతుంది.

వాడేవాళ్ళు: ఎంచుకున్న వెంటనే ట్యాబ్ కొట్టడం అలవాటు చేసుకోండి. రాసేవాళ్ళు: డ్రాప్‌డౌన్‌కి మౌస్ చక్రం వచ్చినప్పుడు ఆ సంఘటనని అక్కడే హ్యాండిల్డ్ ట్రూ అని ఆపేయండి, జాబితా తెరిచి ఉంటే మాత్రం ఒప్పుకోండి. సేవ్‌కి ముందు రకం పేరు పెద్ద అక్షరాల్లో ఇంకోసారి చూపిస్తే ఇంకా మంచిది.

రేడియో బటన్లలో ఇంకో తమాషా. నగదు, అప్పు అని రెండు, లారీ, ట్రాక్టర్ అని రెండు పెట్టారు, లారీ నొక్కితే నగదు పోతోంది. నాలుగూ ఒకే ప్యానెల్‌లో ఉంటే నాలుగూ ఒకే జట్టు, ఏదో ఒక్కటే నిలుస్తుంది. జట్టుకో ప్యానెల్ పెట్టండి, అయిపోయింది.

9. టైపు చేస్తే వేరేది పడటం

- విండోస్ కీ, స్పేస్ నొక్కి ఏ భాష కీబోర్డ్ ఉందో చూడండి. తెలుగులో వదిలేసి పాస్‌వర్డ్ కొట్టి తప్పంటోందని కొట్టుకుంటుంటారు.
- అంకెలు పడకపోతే నమ్ లాక్.
- షిఫ్ట్ వరసగా ఐదుసార్లు కొడితే స్టిక్కీ కీస్, కుడి షిఫ్ట్ ఎనిమిది సెకన్లు అదిమి పెడితే ఫిల్టర్ కీస్ అడుగుతాయి, చదవకుండా ఎస్ అనేస్తారు, ఆ తర్వాత కీలు వింతగా ఆడతాయి. యాక్సెసబిలిటీ, కీబోర్డ్‌లో రెండూ ఆపేయండి.
- తేదీ 03-04 అంటే ఏప్రిల్ మూడా, మార్చి నాలుగా? రీజియన్‌లో ఇంగ్లీష్ ఇండియా పెట్టండి. లక్షల కామాలు కూడా 12,34,567 అని మన పద్ధతిలో వస్తాయి.

రాసేవాళ్ళకి ఒక గుంట చూపిస్తా. డాట్‌నెట్‌లో ఇది అంకేనా అని ఈజ్‌డిజిట్‌తో అడిగితే తెలుగు అంకె ౫ కి కూడా అవుననే చెప్తుంది, కానీ దాన్ని సంఖ్యగా మార్చమంటే ప్రోగ్రాము పడిపోతుంది. సున్నా నుంచి తొమ్మిది దాకా మామూలు అంకెలేనా అని మీరే విడిగా చూసుకోవాలి.

10. స్క్రీన్ తెల్లబడి నాట్ రెస్పాండింగ్ అనడం

ప్రోగ్రాము ఐదు సెకన్ల పాటు విండోస్ పిలుపుకి పలకకపోతే ఆ మాట వస్తుంది. చచ్చిపోయిందని కాదు, పనిలో ఉందని కూడా కావచ్చు. ఆ తెల్లబడే లోపు విసుగొచ్చి టకటకా కొట్టిన నొక్కులన్నీ వరసలో చేరి తర్వాత ఒక్కసారే అమలవుతాయి, కాబట్టి చేతులు కట్టుకుని ఒకట్రెండు నిమిషాలు ఆగండి.

రోజూ ప్రోగ్రాము తెరిచేటప్పుడే ఇలా అవుతుంటే, డేటా ఉన్న రెండో కంప్యూటర్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. మిల్లుల్లో కరెంటు పోతే ఒక దానికి ఇన్వర్టర్ ఉంటుంది, రెండోదానికి ఉండదు, ఇది అక్కడ వెతుకుతూ ఉండిపోతుంది.

రాసేవాళ్ళు రిపోర్టులు, ప్రింటు, నెట్ పనులు స్క్రీన్ థ్రెడ్ మీద పెట్టకండి. పక్క థ్రెడ్ నుంచి నేరుగా లేబుల్‌ని ముట్టుకోకండి, ఇన్వోక్ ద్వారా చెప్పండి.

11. ఫారం గీసేటప్పుడే చూసుకోవాల్సినవి

- పెద్దదయ్యే ఫారంలో ప్రతి కంట్రోల్‌కీ యాంకర్ గానీ డాక్ గానీ ఇవ్వండి. ఊరికే వదిలేస్తే పైన, ఎడమ మూలకే అతుక్కుపోతాయి.
- సేవ్, క్యాన్సిల్ బటన్లు కింద డాక్ చేసిన ప్యానెల్‌లో పెట్టి, మిగతాది స్క్రోల్ అయ్యేలా చేయండి. స్క్రీన్ ఎంత చిన్నదైనా సేవ్ కనపడుతుంది.
- అన్ని ఫారాల్లో ఆటోస్కేల్ మోడ్ ఒకటే ఉండాలి.
- 125 శాతం స్కేలున్న లాప్‌టాప్‌లో డిజైనర్ తెరిచి సేవ్ చేస్తే కొలతలు చెదిరిపోతాయి. విజువల్ స్టూడియో పైన పసుపు పట్టీలో 100 శాతంతో మళ్ళీ తెరవనా అని అడుగుతుంది, సరే అనండి.
- ఇచ్చేముందు 100, 125, 150 మూడింటిలోనూ, 1366 బై 768లో నడిపి చూడండి. మీ పెద్ద మానిటర్‌లో బాగుంటే సరిపోదు.
- ఎక్కడ పోయిందో అంతు చిక్కకపోతే ఖాళీ ఫారంలో ఆ ఒక్క కంట్రోల్ పెట్టి చూడండి. అక్కడ బాగుంటే అసలు ఫారం కాపీలో సగం కంట్రోల్స్ తీసేసి నడపండి, ఇంకా ఉంటే మిగిలినదాంట్లో సగం, ఇలా నాలుగైదు సార్లకి దొంగ దొరుకుతాడు.

12. ఫోన్‌లో అయితే

ఆండ్రాయిడ్‌లో బటన్ మీద మాటలు తెగుతుంటే సెట్టింగ్స్, డిస్‌ప్లేలో ఫాంట్ సైజు, డిస్‌ప్లే సైజు రెండూ ఉంటాయి, ఒక్కోటి ఒక మెట్టు తగ్గించి చూడండి. అలౌ అన్న బటన్ ఎంత నొక్కినా పలకకపోతే స్క్రీన్ మీద తేలే గుండ్రటి చాట్ బొమ్మ, కళ్ళకి పసుపు రంగు వేసే యాప్, ఇలాంటివి ఆపండి, పైన ఇంకేదో పరిచి ఉంటే భద్రత కోసం ఆ బటన్ నొక్కు తీసుకోదు. యాప్ రాసేవాళ్ళు బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు తట్టి డెవలపర్ ఆప్షన్స్ తెరిచి, షో లేఅవుట్ బౌండ్స్ పెడితే ప్రతి పెట్టె అంచులూ గీతల్లో కనపడతాయి.

13. ఇవన్నీ చేసినా లొంగకపోతే ఎవరికైనా పంపేటప్పుడు

"పనిచేయట్లేదు" అని ఒక్క మాట పంపితే అవతలివాళ్ళు పది ప్రశ్నలు తిరిగి అడగాలి. ఇవి ఒకేసారి పంపండి:

- విండోస్ వెర్షన్, స్కేల్ శాతం, రిజల్యూషన్
- వేరే ప్రోగ్రాముల్లో ఉందా, పక్క కంప్యూటర్లో ఉందా
- మౌస్‌తో ఏమైంది, స్పేస్‌బార్‌తో ఏమైంది
- ఏం నొక్కాక మొదలైంది, వరుసగా
- మీరు ఏం మార్చారు, మార్చినది మళ్ళీ వెనక్కి పెట్టారా
- ఏదైనా ఎర్రర్ వస్తే దాని మాటలు ఉన్నదున్నట్టు

ఫొటో తీసేటప్పుడు టాస్క్‌బార్‌తో సహా మొత్తం స్క్రీన్ వచ్చేలా తీయండి. ఆ పలకని బటన్ ఒక్కదాన్నే దగ్గరికెళ్ళి తీసి పంపుతారు చాలామంది, దాని వెనక దాక్కున్న చిన్న పెట్టె అందులో పడదు.